96 కిలోల మనిషి 10 కిలోమీటర్లు పరిగెత్తాలంటే: దీపావళికి మొదలుపెట్టే పద్ధతి

మా ఎరువుల కొట్లో నేను కూర్చునే కుర్చీ ఒకే ఏడాదిలో రెండుసార్లు విరిగింది. మొదటిది పాతది, చెక్క పుచ్చిపోయి ఉంటుందిలే అని సరిపెట్టుకున్నాను. రెండోది కొత్త ప్లాస్టిక్ కుర్చీ. దాని మీద ఏ నెపం వేయాలో తోచలేదు. అప్పటికి నాకు 43 ఏళ్లు, ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 96 కిలోలు. ఆ సాయంత్రమే బూట్లు కొన్నాను. తెల్లారి పాలకొల్లు శివారులో కాలువ గట్టెక్కి పరుగు లంకించుకున్నాను.

పది రోజులు పళ్లు బిగబట్టి పరిగెత్తాను. ఆ తర్వాత ఆయాసం కాస్త తగ్గినట్టు అనిపించి దూరం పెంచాను. పధ్నాలుగో రోజున మోకాలి కింద, ముందువైపు ఎముక వెంబడి నొప్పి మొదలైంది. మూడు వారాలు కొట్లో బస్తాల దగ్గరికి కూడా కుంటుకుంటూ వెళ్లాను.

కుంటుతూ తెలుసుకున్న సంగతి ఇది. గుండె, ఊపిరితిత్తులు కొద్ది వారాల్లోనే పరుగుకు అలవాటు పడతాయి. ఎముకలు, కండరాలను ఎముకలకు కట్టిపెట్టే స్నాయువులు అలా కాదు, వాటికి నెలలు కావాలి. ఆయాసం తగ్గింది కదా అని దూరం పెంచేది సరిగ్గా ఆ మధ్య కాలంలోనే, కాళ్లు పాడయ్యేదీ అప్పుడే. పరుగులో పాదం నేలను తాకినప్పుడల్లా ఒంటి బరువుకు రెండు మూడు రెట్ల భారం కాలి మీద పడుతుంది. 96 కిలోల మనిషికి అది సుమారు 200 నుంచి 300 కిలోలు. సన్నటివాళ్ల ప్రణాళిక మనకు నప్పనిది ఇందుకే. కింద రాసిందంతా కాళ్లకు గడువివ్వడం కోసమే.

ముందు ముహూర్తం

ఇంగ్లిష్ కొత్త ఏడాదికి తీర్మానం చేసుకుని మొదలుపెడితే, కాస్త కుదురుకునేసరికి మన దగ్గర ఎండలు వచ్చేస్తాయి. మా గోదావరి డెల్టాలో మొదలుపెట్టడానికి మంచి రోజు దీపావళి మర్నాడు. దీపావళి వచ్చే ఆశ్వయుజ అమావాస్య నుంచి శివరాత్రి వచ్చే మాఘ బహుళ చతుర్దశి దాకా నాలుగు చాంద్రమాసాలకు ఒక్క రోజు తక్కువ, అంటే దాదాపు 117 రోజులు. పదహారు వారాలకు 112 రోజులు పోగా మిగిలిన ఐదు రోజులు కార్తీకంలో వచ్చే తుపాను వానలకు వదిలేయండి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోయే నాటికి 5 కిలోమీటర్లు. 10 కిలోమీటర్ల సంగతి వచ్చే ఏడాది చలికాలంలో. ఆలస్యం అనిపిస్తుందేమో. ఎనిమిది వారాల్లో పది కిలోమీటర్లు అని బయల్దేరిన మా వీధివాళ్లు ఇద్దరున్నారు, ఇప్పుడు ఇద్దరూ మోకాళ్లకు పట్టీలు వేసుకుని తిరుగుతున్నారు.

బూట్ల కంటే ముందు డాక్టరు

నలభై దాటినా, బీపీ లేదా షుగర్ ఉన్నా, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చినా ముందు డాక్టర్ని కలవండి. వడివడిగా నడిచినప్పుడు గుండెల్లో పట్టేసినట్టుంటే, ఎడమ చెయ్యి లేదా దవడ లాగితే, కళ్లు తిరిగితే పరుగు ఆలోచనే పక్కన పెట్టి ఆ రోజే చూపించుకోండి. ఇన్సులిన్ లేదా షుగర్ మాత్రలు వాడేవాళ్లకు వ్యాయామంలో షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది. మందు మోతాదు గురించి ముందే అడగాలి, జేబులో గ్లూకోజ్ పొట్లం ఉండాలి. పాదాల్లో తిమ్మిరి ఉన్నవాళ్లు ఇంటికి రాగానే అరికాళ్లు పరీక్షగా చూసుకోవాలి, పుండు పడినా తెలియదు కాబట్టి.

ఇక లావు ఎంతైతే లావు? మన దేశస్థులకు బీఎంఐ (కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె) 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని మన వైద్యులు లెక్క కడతారు. నాది 33. ఆ అంకె కంటే నడుం కొలత బాగా పనికొచ్చింది: మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి. దర్జీ టేపుతో బొడ్డుకు కొంచెం పైన, నెలకోసారి కొలుచుకోండి. తూకం యంత్రం రోజూ ఎక్కొద్దు. పరుగు మొదలుపెట్టిన కొత్తలో కండరాలు నీరు పట్టి ఉంచుకోవడం వల్ల కిలో పెరిగినా పెరగొచ్చు. అది చూసి మానేసినవాళ్లను చూశాను.

కొనాల్సినవి మూడు

బూట్లు సాయంత్రం కొనండి. రోజంతా తిరిగాక పాదం కాస్త ఉబ్బి ఉంటుంది, పరుగులోనూ అలాగే ఉబ్బుతుంది. పొడవైన వేలికీ బూటు కొసకూ మధ్య బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. పరుగు కోసమే తయారైనవి కొనాలి. పెళ్లిళ్లకు వేసుకునే తెల్ల బూట్లు, క్రికెట్ బూట్లు పనికిరావు. మూడు నాలుగు వేలలో మంచివే దొరుకుతాయి, పది వేలవి అక్కర్లేదు. సాధారణంగా జత 500 నుంచి 800 కిలోమీటర్లు వస్తుంది. మన బరువుకు 500 దగ్గరే కొత్తవి చూసుకోవడం మేలు. అడుగు అరిగినట్టు కనపడకపోయినా లోపలి మెత్తదనం పోతుంది.

రెండోది వాజిలీన్ డబ్బా. లావుపాటివాళ్ల పరుగు చాలాసార్లు ఆగేది ఊపిరి అందక కాదు, తొడలు ఒరుసుకుపోయి మంట పుట్టడం వల్ల. ఎవరూ పైకి చెప్పరు. మోకాలి దాకా వచ్చే బిగుతు షార్ట్స్ లోపల వేసుకుని, తొడల మధ్య, చంకల్లో వాజిలీన్ పట్టించండి. మనింట్లో కొబ్బరినూనె ఉంటుంది కదా అనుకుంటాం. చెమటకు అది పావుగంటలో కారిపోతుంది.

మూడోది పాలిస్టర్ బనీను. నూలు బనీను చెమట పీల్చి బరువెక్కి ఛాతీ మీద గీరుతుంది. మా ఆవిడ రెండో నెలలో నాతో మొదలుపెట్టింది. ఆమె మాట: ఆడవాళ్లు బూట్ల కంటే ముందు మంచి స్పోర్ట్స్ బ్రాకి డబ్బు పెట్టాలి. పైన పొడుగు టీషర్టు, కింద ట్రాక్ ప్యాంటు వేసుకుంటుంది. చున్నీతో పరిగెత్తడం కుదరదని మొదటి రోజే తేలిపోయింది. మా వదిన ఏదో అనబోయింది కానీ, ఇప్పుడు ఆవిడా నడకకు వస్తోంది.

ఎక్కడ పరిగెత్తాలి

సిమెంటు రోడ్డు కంటే తారు రోడ్డు కాస్త నయం, దానికంటే గట్టు మీది మట్టిబాట నయం. కానీ మన ఒండ్రు మట్టి తడిస్తే సబ్బుముక్కే. వాన పడ్డాక రెండు రోజులు గట్టెక్కొద్దు. రొయ్యల చెరువుల గట్లు అసలొద్దు, ఇరుకు, పైగా కాపలా కుక్కలు. చీకట్లో టార్చి లేకుండా గడ్డిలో కాలు పెట్టొద్దు, కోతల కాలంలో ఎలుకల కోసం పాములు గట్ల మీదికి వస్తాయి.

రోడ్డు మీదైతే కుడివైపున, వచ్చే బండ్లకు ఎదురుగా పరిగెత్తాలి. ధనుర్మాసంలో మంచు దట్టంగా పడ్డ రోజుల్లో ఇసుక లారీకి మీరు కనపడరు. తెల్లవారేదాకా ఆగండి, లేదా ఆ రోజుకు కాలేజీ గ్రౌండులో తిరగండి. కుక్క వెంటపడితే ఆగిపోయి, దానివైపు తిరిగి, మెల్లగా నడిచి దాటండి. కరిస్తే పుండును సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆస్పత్రిలో టీకా మొదలుపెట్టాలి. పసుపు, కారం అద్దొద్దు.

దూరం కొలతకు ఫోన్ యాప్ ఉంటే సరే. లేకపోయినా ఫర్వాలేదు, బైకు మీద ఒకసారి వెళ్లి మీటరు చూసి లాకులు, కల్వర్టు, రేవు, ఏది ఎంత దూరమో గుర్తు పెట్టుకోండి. మనకున్న గొప్ప సౌకర్యం నేల చదునుగా ఉండటం. ఎత్తు ఎక్కాలంటే వంతెనలే దిక్కు. చించినాడ వంతెన మీద పరిగెత్తాలని నాకూ సరదా పుట్టింది కానీ, లారీల మధ్య ఆ సరదా వద్దు.

మొదటి నాలుగు వారాలు: నడక

ఇది దాటేయాలనిపిస్తుంది, దాటేయొద్దు. వారానికి ఐదు రోజులు. మొదటి వారం 25 నిమిషాలు, తర్వాత వారానికి ఆరేడు నిమిషాల చొప్పున పెంచుకుంటూ నాలుగో వారానికి 45 నిమిషాలు. కబుర్లు చెప్పుకుంటూ నడిచే నడక కాదు, బస్సొచ్చే టైమైతే ఎలా నడుస్తామో అలా.

వారంలో రెండు రోజులు నడిచొచ్చాక పావుగంట కాళ్లకు బలం పని. కుర్చీలో కూర్చుని చేతులు ఆనించకుండా లేవడం 10 సార్లు. అరుగు మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి మడమలు పైకెత్తి మెల్లగా దించడం 15 సార్లు. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుం పైకెత్తడం 10 సార్లు. ఈ మూడూ రెండేసి విడతలు. నాకు మళ్లీ ఆ ఎముక నొప్పి రాకపోవడానికి సగం కారణం ఈ మడమలు ఎత్తడమేనని నా నమ్మకం. శివరాత్రి దాటినా ఇది ఆపొద్దు.

నాలుగో వారం చివర 45 నిమిషాలు నడిచి, మర్నాడు పొద్దున మంచం దిగితే ఎక్కడా నొప్పి లేకపోతేనే ముందుకు. ఉంటే ఇంకో రెండు వారాలు నడకే.

ఐదో వారం నుంచి: పరుగు కొంత, నడక కొంత

మధ్యలో నడిస్తే ఓడిపోయినట్టు అనుకుంటాం. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో అమెరికా తరఫున 10,000 మీటర్లు పరిగెత్తిన జెఫ్ గాలోవే, కొత్తవాళ్లకు నేర్పేటప్పుడు ఈ పరుగు-నడక పద్ధతినే ఎంచుకున్నాడు. 1996లో జాష్ క్లార్క్ తయారుచేసిన ‘కౌచ్ టు 5కె’ కూడా ఇలాంటిదే, తొమ్మిది వారాల్లో 5 కిలోమీటర్లకు చేరుస్తుంది. అది మంచిదే. కానీ మొదటి రోజే 60 సెకన్ల పరుగుతో మొదలవుతుంది. 90 కిలోలు దాటినవాళ్లకు ఆ వేగంతో పెంచడం నాకు తొందరనిపించింది. అందుకే సగంతో మొదలుపెట్టి, ప్రతి మెట్టునూ సాగదీశాను.

వారానికి మూడు రోజులే పరుగు, రెండు పరుగుల మధ్య కనీసం ఒక రోజు ఎడం. మిగతా రోజుల్లో రెండు రోజులు మామూలు నడక, ఒక్క రోజైనా పూర్తి విశ్రాంతి. ప్రతిసారీ ముందు 10 నిమిషాలు, చివర 5 నిమిషాలు నడవాలి. మధ్యలో ఇలా:

5, 6 వారాలు: 30 సెకన్ల పరుగు, 90 సెకన్ల నడక, 10 సార్లు.
7, 8 వారాలు: 1 నిమిషం పరుగు, 90 సెకన్ల నడక, 9 సార్లు.
9, 10 వారాలు: 2 నిమిషాల పరుగు, 90 సెకన్ల నడక, 7 సార్లు.
11వ వారం: 3 నిమిషాల పరుగు, 1 నిమిషం నడక, 6 సార్లు.
12వ వారం: తేలిక వారం. తొమ్మిదో వారం చేసినదాంట్లో సగం.
13వ వారం: 4 నిమిషాల పరుగు, 1 నిమిషం నడక, 6 సార్లు.
14వ వారం: 5 నిమిషాల పరుగు, 1 నిమిషం నడక, 5 సార్లు.
15వ వారం: అదే 6 సార్లు.
16వ వారం: అదే లెక్కన 5 కిలోమీటర్లు పూర్తయ్యేదాకా. ఏడెనిమిది విడతలు పడుతుంది.

దీపావళి ముందొచ్చిందా వెనకొచ్చిందా అన్నదాన్ని బట్టి సంక్రాంతి తొమ్మిది నుంచి పదమూడో వారం మధ్య పడుతుంది. అది ఏ వారం పడితే తేలిక వారాన్ని అక్కడికి జరుపుకోండి. ఇంటి నిండా చుట్టాలు, అరిసెలు ఉండగా ఎలాగూ కుదరదు. ఏ వారమైనా కష్టమనిపిస్తే దాన్నే మళ్లీ చేయండి. జ్వరమొచ్చి వారం పోతే రెండు మెట్లు వెనక్కి దిగి మొదలుపెట్టండి. పోయిన రోజుల్ని ఆదివారం కలిపి కొట్టేద్దాం అనుకోవడమే దెబ్బలకు దారి.

ఎంత మెల్లగా? సిగ్గేసేంత

పరిగెత్తుతూ పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. ‘ఇవాళ కాలువలో నీళ్లు బాగా వచ్చాయండి’ అని ఊపిరి తీసుకోకుండా అనగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు. ‘నీళ్లు’ దగ్గరే ఆగిపోతే తగ్గించండి. నా పరుగు కిలోమీటరుకు ఎనిమిది నిమిషాల పైనే. బాతుల మందను తోలుకెళ్లే ఆయన నన్ను నడుస్తూనే దాటేశాడు ఒకసారి. ఇంకోసారి బైకు మీద వెళ్లే పెద్దాయన ఆగి, ‘ఏవండీ, బస్సు తప్పిపోయిందా? ఎక్కండి, సెంటర్లో దింపేస్తాను’ అన్నారు. ‘ఆయ్, పర్లేదండి, ఊరికే పరిగెడుతున్నాను’ అంటే నమ్మలేదు. నిజం చెప్పాలంటే మొదటి నెలలో నన్ను ఎక్కువ వేగం పరిగెత్తించింది నా కాళ్లు కాదు, గట్టు మీద కూర్చున్నవాళ్ల చూపులు. వాళ్ల ముందు వేగం పెంచి, మలుపు తిరగ్గానే వంగి మోకాళ్లు పట్టుకునేవాణ్ణి. చీకటితో బయల్దేరడం ఒక ఉపాయం. ఇంకో ఉపాయం, వాళ్లను మీరే ముందు పలకరించడం. పలకరించాలంటే మాట రావాలి, మాట రావాలంటే వేగం తగ్గక తప్పదు.

అడుగులు చిన్నవిగా, గబగబా పడాలి. పాదం ఒంటికి ముందు ఎక్కడో కాకుండా నడుం కిందే ఆనాలి. అంగ సాచిన కొద్దీ మోకాలి మీద దెబ్బ పెరుగుతుంది. చెవులతో వినండి: ధబ్‌ధబ్‌మని చప్పుడొస్తే అడుగు పొడుగైనట్టు. భుజాలు వదులుగా, చూపు ఇరవై అడుగుల ముందుకు. అంతకు మించి సొగసులు అక్కర్లేదు.

ఏ నొప్పి మామూలు, ఏది కాదు

రెండు కాళ్లలో, కండలో, మొద్దుగా ఉండి ఒకటి రెండు రోజుల్లో తగ్గేది మామూలు నొప్పి. ఒక్క కాలికే వచ్చినా, పరిగెత్తుతుండగా పెరుగుతున్నా, నడక కుంటిగా మారినా ఆ రోజుకు ఆపి ఇంటికి నడవండి. ఎముక మీద ఒకే చోట వేలితో నొక్కితే కెవ్వుమనిపించినా, రాత్రి పడుకున్నా సలుపుతున్నా అది ఎముకలో సన్నటి పగులు కావచ్చు. మసాజులు, తైలాలు వద్దు, ఎముకల డాక్టరే. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమ కింద పొడిచినట్టుంటే అరికాలి పట్టీ వాచినట్టు. ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన నీళ్ల సీసాను అరికాలి కింద దొర్లించండి, గోడకు చేతులానించి పిక్కలు సాగదీయండి, పరుగు సగానికి తగ్గించండి. నొప్పి మాత్ర వేసుకుని పరుగుకు వెళ్లడం మాత్రం చేయొద్దు. నేను చేశాను, ఆ మూడు వారాల కుంటుడులో రెండు వారాలు దాని పుణ్యమే.

తిండి, నీళ్లు

ఒక కిలోమీటరు పరుగుకు ఒంటి బరువు కిలోకు సుమారు ఒక కేలరీ ఖర్చవుతుంది. 90 కిలోల మనిషి 5 కిలోమీటర్లు పరిగెత్తితే 450. అది 130 గ్రాముల బియ్యానికి సమానం. పరిగెత్తాం కదా అని ఇంటికొచ్చి ఉప్మా పెసరట్టు మీద ఇంకోటి వేయించుకుంటే లెక్క అక్కడికక్కడే సరి. బరువు తగ్గేది ప్రధానంగా కంచంలోనే: అన్నం ఒక వంతు తగ్గించి, పప్పు, గుడ్డు, చేప ముక్క, కూర పెంచాను. అన్నం మొత్తం మానేసి పరిగెత్తడం మాత్రం వద్దు, నీరసమే మిగులుతుంది. పొద్దున ఖాళీ కడుపుతో అరగంట దాకా ఇబ్బంది ఉండదు. అంతకు మించితే ముందు ఒక అరటిపండు. రావులపాలెం అరటి మార్కెట్ దగ్గర్లో పెట్టుకుని విదేశీ ఎనర్జీ జెల్‌లు కొనడమెందుకు?

కొబ్బరి నీళ్ల గురించి ఒక మాట. మన కోనసీమ బోండాం గొప్పదే, కానీ అందులో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో పోయేది ముఖ్యంగా సోడియం. గంట లోపు పరుగుకు మామూలు నీళ్లు చాలు. గంట దాటితే ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ బోండాం కంటే మెరుగు. బీపీ ఉన్నవాళ్లు ఉప్పు సంగతి డాక్టర్ని అడగాలి. దాహం వేయకపోయినా లీటర్ల కొద్దీ తాగడం కూడా ప్రమాదమే, రక్తంలో సోడియం పలచబడుతుంది.

శివరాత్రి తర్వాత

మన గాలిలో తేమ ఎక్కువ. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది, ఇక్కడ అది ఆరకుండా కారుతుంది. అందుకే థర్మామీటరు చూపించే దానికంటే ఒంటికి తగిలే వేడి ఎక్కువ. మార్చి నుంచి జూన్ దాకా దూరం పెంచొద్దు. వారానికి రెండు మూడు రోజులు, 4, 5 కిలోమీటర్లు, అయిదున్నరకల్లా ఇంట్లో ఉండేలా. కిలోమీటరుకు నిమిషం ఎక్కువ పట్టినా పట్టించుకోవద్దు. తలనొప్పి, వాంతి వచ్చేట్టుండటం, చలిగా వణుకు అనిపిస్తే నీడలో కూర్చుని తల మీద నీళ్లు పోసుకోండి. పక్కవాడు పొంతన లేకుండా మాట్లాడుతున్నా, పడిపోయినా అది వడదెబ్బ: ఒళ్లంతా తడుపుతూ 108కి ఫోన్ చేయాలి. జూన్‌లో కాలువలకు నీళ్లు వదిలాక గట్టు మీద చల్లగానే ఉంటుంది కానీ, వానలకు బురద. ఆ నాలుగు నెలలు ఊళ్లో రోడ్లే.

మళ్లీ దీపావళి వచ్చేసరికి 5 కిలోమీటర్లు మీకు మామూలై ఉంటుంది. అప్పుడు వారంలో మూడు పరుగుల్లో రెండు 4, 5 కిలోమీటర్లే ఉంచి, ఆదివారం దాన్ని మాత్రమే పొడిగించండి. వారానికి అర కిలోమీటరు, మూడు వారాలు పెంచి నాలుగో వారం 5కి దిగడం. అలా పదమూడు వారాల్లో 10 చేరతారు. 5 నిమిషాలకు 1 నిమిషం నడక అలాగే ఉంచండి. నేను ఇప్పటికీ తీసేయలేదు, తీసేయాలని కూడా లేదు.

నా మొదటి 10 కిలోమీటర్లకు గంటా ముప్పై నాలుగు నిమిషాలు పట్టింది, అప్పటికి నా బరువు 84. లాకుల దగ్గర బయల్దేరి 5 కిలోమీటర్లు వెళ్లి వెనక్కి వచ్చాను. మా ఆవిడ స్కూటీ మీద సగం దారిలో మజ్జిగ సీసాతో నిలబడింది. మీ రోజున కొత్త బూట్లు, కొత్త బట్టలు వేసుకోవద్దు. మొదటి రెండు కిలోమీటర్లు మరీ మెల్లగా వెళ్లండి. తర్వాత రెండు రోజులు నడకే, నాలుగో రోజున తేలిక పరుగు. మేడ మెట్లు దిగేటప్పుడు తొడలు ఏడుస్తాయి కాబట్టి, ఆ రెండు రోజులూ పైనున్న గోడౌనుకు కొట్లో కుర్రాణ్ణి పంపించండి.